డ్రాప్‌డౌన్‌లో మొదటి పేరు

నీల్ కామో కాఫీ పట్టుకుని కారు తలుపు తీశాడు. పైనుంచి డ్రోన్ దిగింది. మంటలు ఆరేసరికి కారు చట్రం తప్ప ఏమీ మిగల్లేదు.

కెనడాలోని హాలిఫాక్స్ ఇంటెలిజెన్స్ ఆఫీసులో చీఫ్ గాలంట్ ఒక ఫొటో బల్ల మీదికి తోశాడు.

"ఆర్నో వెల్ట్. విదేశీ ముఠా నాయకుడు. పైకి రేవులో చేపల ఎగుమతి, లోపల డ్రోన్లు. ఆధారం లేందే కోర్టు వారెంటు ఇవ్వదు. హత్య రోజు వీణ్ణి అక్కడ చూసింది నీల్ భార్య లిడియా ఒక్కతే."

"ఆవిణ్ణి దాచేశారా?" అడిగింది ఏజెంట్ డోరీన్ మకాస్కిల్. ఏళ్ల తరబడి నీల్ ఆమె పార్టనర్.

"ఇల్లు కదలనంటోంది. మొగుణ్ణి చంపినవాడికి భయపడి పారిపోతానా అని నన్నే కసురుతోంది. వాడి తర్వాతి గురి ఆవిడే."

"వాణ్ణి నాకు వదిలెయ్యండి సార్."

"ప్రాణాలతో పట్టుకో."

డోరీన్ ఫొటో జేబులో పెట్టుకుని లేచింది.

వెల్ట్‌కి ప్రోగ్రామర్ కావాల్సివచ్చింది. అడ్రసులు చేత్తో కొడుతుంటే ఒక అంకె తప్పి డ్రోన్ సముద్రంలో పడింది మరి. జుట్టుకి ఎర్రరంగు, చెవిపోగులో మైకు, హెజల్ అన్న దొంగపేరుతో డోరీన్ అతని చేపల గిడ్డంగిలో చేరిపోయింది.

"చూడమ్మాయ్, అడ్రసులన్నీ ఒక కలెక్షన్‌లో, వరసగా పేర్చి ఉన్నాయి. అక్కణ్ణించి తిన్నగా డ్రాప్‌డౌన్‌లోకి, అదే నొక్కితే కిందికి తెరుచుకునే జాబితాలోకి రావాలి. నేను ఒకటి ఎంచుకుంటా, బటన్ నొక్కుతా. అంతే" అన్నాడు వెల్ట్.

కలెక్షన్‌లో మొదటిది డ్రోన్లు తిరిగొచ్చే చోటు, అంటే ఈ గిడ్డంగే. చివరిది లిడియా ఇల్లు.

కోడ్ చూసి సరేననాల్సింది సిమోన్ లజ్వా. మెడలో ముత్యాలు, పెదవుల మీద తేనె. ఒట్టావా ఇంటెలిజెన్స్ ఆఫీసు ఏజెంటు, ఇప్పుడు రెండు పక్కలా జీతం. నీల్ కదలికలు వెల్ట్‌కి అమ్మింది ఈ మహాతల్లే. ఆమె డోరీన్‌ని ఎన్నడూ చూడలేదు.

ఈ ప్రోగ్రామింగ్ వృత్తిలో ఒక జబ్బుంది. పది లైన్ల కోడ్ పంపితే ఇరవై తప్పులు పడతారు. వేల లైన్లు పంపితే ఎవరూ చదవరు. డోరీన్ వేల లైన్లే పంపింది.

"అబ్బ, ఎంత రాశావే తల్లీ!" అంటూ సిమోన్ గోళ్లు చూసుకుంటూనే 'బాగుంది' నొక్కేసింది.

వెల్ట్ అందరిలాగే మొదటి పేరుతో పరీక్షించాడు. ఖాళీ డ్రోన్ లేచి తిరిగి గిడ్డంగి మీదే వాలింది. వెల్ట్ మురిసిపోయాడు.

శుక్రవారం సాయంత్రం కూలీలు ఇళ్లకి పోయారు; గిడ్డంగిలో మిగిలింది వెల్ట్, సిమోన్, డోరీన్. ఈసారి డ్రోన్‌కి బాంబు కట్టారు. వెల్ట్ జాబితా తెరిచి లిడియా పేరు ఎంచుకుని బటన్ నొక్కాడు. తెర ఒక్కసారి రెప్ప వేసింది. పైన డ్రోన్ లేచింది.

డోరీన్ కోటు తీసుకుంది.

"అప్పుడే ఎక్కడికి? ముసల్దాని కొంప కాలడం చూసి పో."

"ఎవరి పేరుందో ఒకసారి చూడు. బటన్ నొక్కితే పేజీ మళ్లీ తెరుచుకుంటుంది. డ్రాప్‌డౌన్‌ని మొదట ఒక్కసారే నింపాలి. నేను తెరుచుకున్న ప్రతిసారీ నింపించాను. నువ్వు ఎంచుకున్నది చెరిగిపోయి మొదటి పేరొచ్చి కూర్చుంది."

తెర మీద 'గిడ్డంగి' అని ఉంది. వెల్ట్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"రద్దు బటన్ ఏదే?"

"నువ్వు అడగలేదుగా! నీల్ కామో నా పార్టనర్‌రా. వాడికీ రద్దు బటన్ దొరకలేదు."

వెల్ట్ కీబోర్డు మీద పడ్డాడు. సిమోన్ అప్పటికే తలుపు దగ్గరుంది. ఆమె వెనకే డోరీన్ రేవు నీళ్లలోకి దూకిన మరుక్షణం డ్రోన్ పేలి గిడ్డంగి కప్పు వెల్ట్ మీద కూలింది. డోరీన్‌కి జాలి కలగలేదు. కలిగించుకోవాలనీ అనిపించలేదు.

చెవిపోగు మైకులో పడ్డ మాటల ఆధారంతో వారెంట్లు పట్టుకుని చీఫ్ పోలీసులతో వచ్చేసరికి ఆమె తడిబట్టలతో గట్టు మీద కూర్చుని ఉంది.

"ప్రాణాలతో అన్నాను."

"కోడ్‌లో తప్పు దొర్లింది సార్. కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసేదే."

"ఎవరూ చూసుకోలేదా?"

డోరీన్ పోలీసు జీపు వైపు చూపించింది. చేతులకి బేడీలతో సిమోన్ తన వారెంటు చదువుతోంది. ఒక్క లైనూ వదలకుండా.