మూడో బాత్రూమ్ పాట

ఆ రోజు వాన పడకుండా ఉంటే నీలి పరువు దక్కేది.

మహబూబాబాద్‌లో ఆ యూనివర్సిటీ కాలేజీ హాస్టల్‌ది ఒకటే ఆవరణ. తూర్పు వైపు ఆడపిల్లలు, పడమటి వైపు మగపిల్లలు. జూలైలో మగపిల్లల బాత్రూముల గొట్టం పగిలింది. బాగుచేసేవాళ్లు ఇవాళ వస్తారు, రేపు వస్తారు అంటుండగానే శ్రావణం వచ్చేసింది. అందాకా ఆడపిల్లల వెనక ఉన్న ఆరు బాత్రూములనే అందరూ వంతులేసుకోవాలన్నారు వార్డెన్. ఐదు నుంచి ఏడు దాకా ఆడపిల్లలు, ఏడు నుంచి మగపిల్లలు. సరిగ్గా ఏడింటికి వంట చేసే సాయిలు స్టీలు పళ్లెం మీద గరిటెతో మూడు దెబ్బలు వేస్తాడు. ఆ మోత వినబడిందంటే ఒంటి మీద సబ్బు ఉన్నా సరే, గబగబా కడుక్కుని బయటపడాల్సిందే.

అక్కడ లైన్లో మనుషులు నిలబడరు. బకెట్లు నిలబడతాయి. ప్రతి బకెట్ మీదా పేరుంటుంది. బకెట్ ముందుంటే మనిషి ముందున్నట్టే. నీలిది ఎర్ర బకెట్. టేకుమట్ల అంగడిలో వాళ్ల నాయిన కొనిచ్చింది. దాని మీద స్రవంతి తన గోళ్ల రంగుతో 'నీలి' అని రాసి, పక్కన అడగకుండానే ఒక పువ్వు కూడా వేసింది. స్రవంతిది జఫర్‌గఢ్. నీలి పక్క మంచం. నోరు మూసుకుని పది నిమిషాలు కూర్చుంటే జ్వరం వచ్చిందేమోనని అందరూ నుదురు పట్టుకుని చూసే రకం.

ఏడింటికి ఆడపిల్లలు బయటికి వచ్చేసరికి గేటు దగ్గర మగపిల్లల బకెట్లు వరుసగా ఉంటాయి. అన్నిటికంటే ముందు ఎప్పుడూ ఒక నీలం బకెట్. దాని మీద తెల్ల పెయింటుతో 'బానోత్ ప్రేమ్‌సింగ్, సెకండియర్' అని ఉంటుంది. మొదటిసారి ఆ పేరు చదివినప్పుడు నీలి మనసు ఆమెను అడగకుండానే ఒక లెక్క వేసింది. లంబాడా తండాల్లో ఒకే గోత్రం వాళ్లు అన్నాచెల్లెళ్ల కింద లెక్క. అందుకే ఎవరైనా కంటికి నచ్చితే ముందు ఇంటిపేరు చూసుకోవాలి. వాళ్లది బానోత్. మనది భూక్యా. గోత్రాలు వేరు. కుదురుతుంది.

ఛీ! ఏం కుదురుతుంది? కాలేజీలో చేరి నెల కాలేదు, పద్దెనిమిది నిండి ఆరు నెలలు కాలేదు, బకెట్‌తో సంబంధం కలుపుకుంటున్నానా? ఆ రోజంతా నీలి తల ఎత్తలేదు.

ఆ బకెట్ మనిషి మాత్రం తలెత్తించే రకమే. ఒకరోజు గేటు దగ్గర ఎదురుపడి, "ఓ ఎర్ర బకెట్! మాకు జర నీళ్లు మిగిల్చినవా, లేక మొత్తం నువ్వే పోసుకున్నవా?" అన్నాడు. నవ్వితే ఎడమ చెంప ఒక్కటే లోపలికి పోతుంది. నీలి తల దించుకుని పక్కనుంచి జారుకుంది. గదిలోకి పోయి అద్దం ముందు నాలుగు జవాబులు చెప్పుకుంది. నాలుగూ బాగున్నాయి. ఏం లాభం?

ఇంతకూ నీలికి ఒక రహస్యం ఉంది. హాస్టల్‌కు వచ్చినప్పటి నుంచి రోజూ ఏడుస్తోంది. తండా గుర్తొస్తుంది. పొద్దున్నే మేకల చప్పుడు, వాళ్లమ్మ జొన్నరొట్టె కొట్టే చప్పుడు గుర్తొస్తాయి. గదిలో పన్నెండు మంది. దుప్పటి ముసుగేసినా పక్క మంచం నుంచి "ఏందే, ఏమైందే?" అని స్రవంతి చెయ్యి లోపలికొస్తుంది. గడియ పెట్టుకుని ఏడవడానికి హాస్టల్ మొత్తంలో ఒక్క బాత్రూమే చోటు. నీలి మూడోదాంట్లోకి పోయి నల్లా పూర్తిగా తిప్పి, ఆ మోతలో ఏడ్చేది.

ఉత్తగా ఏడవడం ఆమెకు రాదు. వాళ్లలో పెళ్లికూతురు పుట్టిల్లు విడిచి పోయేటప్పుడు పాడే ఏడుపు పాట ఒకటుంది. ఢావ్లో అంటారు. పోయిన ఎండాకాలం అక్క గంగి పెళ్లికి ముందు ముసలమ్మలు నెల రోజులు కూర్చోబెట్టి నేర్పితే, పక్కనే పప్పు చెరుగుతూ నీలి కూడా నేర్చేసుకుంది. అమ్మా నీ గడప దాటుతున్నాను, బాపూ నీ మందను విడిచి పోతున్నాను అని సాగుతుంది. బెంగకు అంతకంటే సరిపోయే పాట ఏముంటుంది?

ఆ రోజు వాన. మామూలు వాన కాదు, రేకుల మీద ఎవరో కంకర గుమ్మరిస్తున్నట్టు వాన. నల్లా తిప్పే పని కూడా లేకుండా పోయింది. ఇంత మోతలో ఎవరికి వినబడుతుందిలే అని నీలి మొట్టమొదటిసారి గొంతెత్తి పాడింది. సాయిలు పళ్లెం ఎప్పుడు కొట్టాడో తెలియలేదు.

వాన ఒక్కసారిగా ఆగింది. పాట ఆగలేదు.

"అరేయ్, ఎవలో ఏడుస్తున్నర్రా!"

"ఏడుపు కాదురా, పాట."

"పాట గిట్లుంటదా? దయ్యం రా బై!"

నీలి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. తలుపు కింది సందులోంచి చెప్పులు కనిపించాయి. అన్నీ మగపిల్లల చెప్పులు. తువ్వాలను తలకు చుట్టుకుని, తొడుక్కున్న బట్టలతోనే మూలకు నక్కింది. బయట ఎవరో తలుపు మీద కొట్టారు. "ఎవరు లోపల?"

అప్పుడు ఒక గొంతు వినిపించింది. ఎడమ చెంప గొంతు.

"వివేక్, దాన్ని కొట్టకు. మోటరు కాలింది, నీళ్లు రావంట. ఉప్మా కూడ అయిపోతున్నదని సాయిలన్న మొత్తుకుంటున్నడు. ముందు తిని రాండి."

"నిజంగానా?"

"నా ఉప్మా కూడ నువ్వే తినుపో."

చెప్పులన్నీ పరుగెత్తాయి. ఒక జత మాత్రం మిగిలింది. అది కూడా వెనక్కి తిరిగి గేటు వైపు పోయింది. అక్కణ్నుంచి తండా భాషలో మాట వచ్చింది. "ఎవ్వరు లేరు. నేను గోడ దిక్కు తిరిగి నిలబడ్డ. పైలంగ పో."

నీలి బయటికి వచ్చింది. అతను నిజంగానే గోడకు ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడి ఉన్నాడు. అడుగులో అడుగేసుకుంటూ దాటిపోతుంటే 'నీలి' అని రాసున్న మగ్గు చేతిలోంచి జారి గచ్చు మీద గడగడా దొర్లింది. దొర్లి దొర్లి అతని కాళ్ల దగ్గరే ఆగింది. అతను తిరగకుండానే కాలితో దాన్ని వెనక్కి నెట్టాడు.

ఆ మగ్గు పట్టుకుని నీలి పరుగెత్తిన పరుగు కాలేజీ గ్రౌండులో పెట్టి ఉంటే కప్పు వచ్చేది.

*

మర్నాటి నుంచి ప్రేమ్‌సింగ్ మారిపోయాడు. ఎర్ర బకెట్ అని పిలవలేదు. నవ్వలేదు. ఎదురుపడితే పక్కకు జరిగి దారి ఇచ్చాడు. ఒకరోజు మెస్‌లో నీళ్ల జగ్గు అందిస్తూ "తీస్కో, బాయీ" అన్నాడు.

బాయి అంటే వాళ్ల భాషలో అక్క.

నీలి ముద్దను పళ్లెంలోనే పెట్టేసింది. ఏడుపుగొట్టు పిల్ల అనుకున్నాడు. బాత్రూమ్‌లో కూర్చుని ముక్కు చీదే దానితో పరాచికాలేంటి అనుకున్నాడు. అనుకోడా మరి? కాళ్ల దగ్గర ఆగిన మగ్గు మీద పేరు చదివే ఉంటాడు కదా.

"ఆ పోరడు మా ఊరి పక్క తండానే," అంది స్రవంతి. "మంచోడే. నిన్నేమన్న అన్నడా?"

"ఏమనలే."

"మరి పరేషాన్ ఎందుకు?"

"ఏం లేదన్న గదా!"

నీలి పాట మానేసింది. ఐదింటికే పోయి, నాలుగు మగ్గులు పోసుకుని, చప్పుడు లేకుండా వచ్చేసేది. ఏడుపు లోపల గడ్డకట్టినట్టుండేది. పదిరోజులు అట్లా గడిచాక వాళ్ల నాయినకు ఫోన్ చేసింది.

"నాయినా, తీజ్‌కు వస్తున్న."

"రా బిడ్డా. గోధుమలు నానబెట్టినం. ఎన్ని రోజులుంటవ్?"

నీలి మంచం కింది పెట్టె వైపు చూసింది. "వచ్చినంక చెప్త," అంది.

తీజ్ వాళ్ల తండాలో పెళ్లికాని ఆడపిల్లల పండుగ. బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలకలు పెంచుతారు. పండుగకు పోవడానికి ఒక సంచి చాలు. కానీ నీలి పెట్టె సర్దింది. చివరికి బకెట్ కూడా చేతపట్టుకుంది.

స్రవంతి ఆ బకెట్‌ను చూసింది, ఆమె మొహం చూసింది. మొదటిసారి నోట మాట రాలేదు. బకెట్ తీసుకుపోతున్న మనిషి తిరిగి రాదని హాస్టల్లో ఎవరికి తెలియదు?

*

బస్టాండులో సన్నగా తుంపర. నర్సంపేట బస్సు ఇంకా కదలలేదు. అక్కడ బస్సు మారి ఊరికి చేరేసరికి సాయంత్రమవుతుంది. నీలి పెట్టె పైన పెట్టి, బకెట్ ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. బకెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆడపిల్లను బస్సులో అందరూ ఒకసారి చూస్తారు. చూశారు.

కిటికీ కింద నుంచి "బాయీ," అని వినిపించింది.

ప్రేమ్‌సింగ్. భుజాన సంచి, తల మీద చిన్న చినుకులు. తొర్రూరు బస్సు కోసం వచ్చినట్టున్నాడు.

"తీజ్‌కేనా?" అన్నాడు. తర్వాత బకెట్ వైపు చూశాడు. చూపు కిందికి దించుకుని, "ఆఖరి తీజ్ గదా. మంచిగ చేస్కో," అన్నాడు.

"ఆఖరిదెట్ల?"

"పెండ్లైనంక తీజ్ ఎక్కడిది?"

"ఎవరి పెండ్లి?"

"నీదే."

నీలికి భయం, సిగ్గు అన్నీ పోయి ఉత్త ఆశ్చర్యం మిగిలింది. "నా పెండ్లని నీకెవరు చెప్పిన్రు?"

"నువ్వే. ఏడు దాటినంక, మూడో బాత్రూమ్‌ల." అతను గొంతు తగ్గించాడు. "పెండ్లి కుదరంది ఢావ్లో ఎవరు నేరుస్తరు? మా చెల్లె లత కూడ గట్లనే నెలరోజులు పాడింది. నాకు తెల్వక నీతోటి పరాచికాలాడిన. కుదిరిన పిల్లను గట్ల పిలువొద్దుండె. అందుకే..."

అందుకే బాయి.

డ్రైవర్ ఎక్కాడు. ఇంజను గుర్రుమంది.

నీలికి ఒక్క క్షణంలో రెండు దారులు కనిపించాయి. అవును, పెళ్లే అంటే చాలు. హాస్టల్ విడిచిపోవడానికి అంతకంటే గౌరవమైన కారణం లేదు. పెళ్లికి పోయింది అంటారు, ఏడ్చి పోయింది అనరు. కాదంటే మాత్రం, ఎందుకు పాడావని అడుగుతాడు. జవాబు చెప్పాలి.

అద్దం ముందు చెప్పుకున్న జవాబుల్లో ఒక్కటీ దీనికి పనికిరాదు.

"పెండ్లి లేదు, ఏం లేదు," అంది. తండా భాషలోనే అంది, బస్సులో అందరూ వింటుండగా. "ఇంటి మీద బెంగైతది. రూంల పన్నెండు మందిమి, ఏడువ జాగ లేదు. అందుకే బాత్రూమ్‌ల ఏడుస్త. నాకు ఏడుపుకు ఇంకో పాట రాదు. మా అక్క పెండ్లప్పుడు విని నేర్చుకున్నదే."

చెవులు కాలిపోతున్నాయి. బకెట్ అంచు పట్టుకుని వంగి దాని అడుగు చూడసాగింది, అడుగున ఏదో పోగొట్టుకున్నట్టు. ఇప్పుడు నవ్వుతాడు. నవ్వనీ. ఎట్లాగూ పోతున్నాను.

నవ్వు రాలేదు. తల ఎత్తితే అతని మొహం ఎర్రగా ఉంది.

"మూడోది మంచిది కాదు," అన్నాడు.

"ఏంది?"

"ఏడుపుకు. ఆరోదాంట్ల నల్లా మోత ఎక్కువ. ఫస్టియర్‌ల మా దిక్కు ఆరోది నాదే. దసర దాక ఏడ్చిన. నాకు పాట కూడ రాదు, ఉత్త ఏడుపే."

నీలి అతన్ని చూసింది. అబద్ధం చెప్పే మొహం కాదది. ఇంత పొడుగు మనిషి, బాత్రూమ్‌లో, దసరా దాకా! ముందు పెదవి బిగబట్టుకుంది. ఆగలేదు. నవ్వు వచ్చేసింది. ఆ నవ్వుతోపాటే పదిరోజుల నుంచి గడ్డకట్టిందంతా కళ్లలోంచి వచ్చేసింది. ఈసారి నల్లా లేదు, గడియ లేదు, పాట కూడా లేదు.

"ఏమమ్మా, దిగుతవా? పోతవా?" అన్నాడు కండక్టర్.

"పోతది, ఒక్క నిమిషం అన్నా!" అని ప్రేమ్‌సింగ్ కిటికీ ఊచ పట్టుకున్నాడు. "ఒక్కటడుగుత. మీ ఇంటిపేరేంది?"

నీలి బకెట్‌ను దగ్గరికి లాక్కుంది. తండాలో ఒక అబ్బాయి ఒక అమ్మాయిని ఆ మాట అడిగాడంటే ఇక అడగడానికి ఏం మిగలదు.

"రిజిస్టర్‌ల ఉంటది గదా," అంది.

"చూసిన. నువ్వొచ్చిన మొదటి రోజే చూసిన. భూక్యా." ఎడమ చెంప లోపలికి పోయింది. "నీ నోట విందామని."

నీలి చెప్పలేదు. తానూ బకెట్ మీద పేరు చదివిన రోజే లెక్క వేశానని అంతకంటే చెప్పలేదు. ఒకే రోజు రెండు సిగ్గులు ఒప్పుకోవడం ఎవరి వల్లా కాదు. బస్సు కదిలింది. అతను రెండడుగులు పక్కనే నడిచాడు.

నీలి ఒళ్లోని ఎర్ర బకెట్‌ను ఎత్తింది. కిటికీ ఊచల్లోంచి అది పట్టదు. వెనక్కి తిరిగి తలుపు దగ్గరున్న కండక్టర్‌కు అందిస్తూ, "అన్నా, జర ఆ పొడుగాయనకు ఇయ్యి!" అంది.

కండక్టర్ దాన్ని విచిత్రంగా చూసి కిందికి అందించాడు. ప్రేమ్‌సింగ్ రెండు చేతులతో అందుకున్నాడు, పడితే పగిలే వస్తువులాగా.

"నేనేం చేసుకోను దీన్ని?" అని అరిచాడు.

"స్రవంతికి ఇయ్యి!" నీలి కిటికీ ఊచలకు మొహం ఆనించి, జీవితంలో మొదటిసారి నలుగురిలో గొంతెత్తింది. "పండుగైనంక వస్త. సోమవారం పొద్దున నాకంటే ముందుగాల లైన్ల పెట్టుమను. ఆరోదానికి!"