అత్తయ్య విప్పిన కుట్లు

చదివేవారికి నమస్కారం. యాభై ఎనిమిదో ఏట పలక పట్టినదాన్ని, ఒత్తులూ దీర్ఘాలూ అక్కడక్కడ తప్పి ఉంటాయి, సర్దుకుని చదవండి. ఒక పేజీకి నాకు ఒక పూట పడుతుంది. ఈ కథకి వానాకాలమంతా పట్టింది.

కింద గదిలో కుట్టుమిషను చప్పుడు మొదలైందంటే పొద్దున ఏడయినట్టు. ఆ చప్పుడుకి మేడ మీద గదిలో కోడలు కళ్ళు తెరిచింది. కళ్ళు తెరిచిందే గానీ లేవలేదు. ఒళ్ళు నీళ్ళు పీల్చిన పరుపులా ఉంది. కాళ్ళు తనవి కావన్నట్టున్నాయి. పక్కన నాలుగు నెలల పాప పిడికిలి చీకుతోంది, ఆ పిడికిట్లో తల్లి తల వెంట్రుకలు ఓ గుప్పెడు. పుట్టినప్పుడు చిక్కుడు గింజంత ఉందని ఎవరో అంటే అదే పేరయి కూర్చుంది. అసలు పేరు ఆసుపత్రి కాగితాల్లో భద్రంగా ఉంది.

ఇంట్లో ఉన్నది ముగ్గురు. గింజ, గింజ తల్లి, కింద మిషను దగ్గర నాయనమ్మ. నాయనమ్మ మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతూ ఉంటుంది కాబట్టి వీధి వీధంతా ఆవిడని టేపత్త అంటారు. మామగారు పోయి చాన్నాళ్ళయింది. గింజ తండ్రి దూరాన వంతెన కట్టేచోట క్రేను నడుపుతాడు. నెలకి రెండు రోజులు వస్తాడు. రోజూ సాయంత్రం ఫోను చేసి గింజ ఏం చేస్తోంది, నువ్వు తిన్నావా అని అడుగుతాడు. తర్వాత చెప్పేదంతా అక్కడి గాలి ఎత్తుకుపోతుంది.

కోడలు తపాలా ఉద్యోగి. సైకిలు మీద తిరిగి నాలుగు వందల ఇళ్ళకి ఉత్తరాలు ఇచ్చేది. ఏ ఇంట్లో కుక్క కరుస్తుందో, ఏ ఇంట్లో ముసలాయన ఉత్తరం లేకపోయినా గుమ్మంలో నిలబడతాడో అన్నీ ఆమెకు తెలుసు. అలాంటి మనిషికి ఇప్పుడు మంచం, ఉయ్యాల, కిటికీ, అంతే. పొద్దుణ్ణించి సాయంత్రం దాకా మాట్లాడేది పలకలేని పసిదానితోనే. ఒక్కోరోజు ఫోను మోగేసరికి తన గొంతు తనకే కొత్తగా వినిపించేది.

కడుపుతో ఉన్నప్పుడు ఐదో నెలలో ఆమెకు థైరాయిడ్ ఉందని తేలింది. రోజూ పరగడుపున ఒక మాత్ర వేసుకోమన్నారు. కాన్పయ్యాక ఆరు వారాలకి మళ్ళీ రక్తం చూపించుకోమని చీటీ రాసిచ్చారు. చీటీ దిండు గలీబులోకి పోయింది, దాన్ని మళ్ళీ ఎవరూ తలుచుకోలేదు. రెండో నెలలో ఎదురింటావిడ పాపని చూడ్డానికి వచ్చి, మాత్రల డబ్బా చూసి బుగ్గ నొక్కుకుంది. తల్లి మింగిందంతా పాలల్లోకే వస్తుందమ్మా, ఇంత పసిదానికి మాత్రలు తాగిస్తున్నావా, అంది. ఆవిడ అలవాటుగా ఒక మాట విసిరి, కాఫీ తాగి వెళ్ళిపోయింది. మాట మాత్రం గదిలోనే ఉండిపోయింది. మర్నాడు కోడలు డబ్బా అలమారులో పైఅరలోకి తోసేసింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరున్నారు గనక.

తిండి సంగతి మరొకటి. కాన్పుకి పెరిగిన ఒళ్ళు తగ్గకపోతే సైకిలెక్కలేనని ఆమె భయం. ఆ నెలల్లో బడిపిల్లల యూనిఫారాల పని ముంచుకొచ్చి టేపత్తకి కూర్చుని తినే తీరిక లేదు. పళ్ళెంలో అన్నం, కూర, గుడ్డు పెట్టి మూత వేసి మేడ మీదికి తెచ్చి, తినమ్మా అని దిగిపోయేది. తాను మిషను పక్కనే నాలుగు ముద్దలు మింగేది. ఒకే ఇంట్లో ఇద్దరాడవాళ్ళు, ఒకే గిన్నెలో వండినది, వేరువేరుగా తిన్నారు. కోడలు సగం తిని, కింద ఎవరో కొలతలిస్తున్న అలికిడి వినగానే మిగతాది వంటింట్లో గిన్నెలోకి చప్పుడు కాకుండా తిరగేసేది.

చొక్కాలు వదులు కాలేదు, బిగుతూ కాలేదు. కాన్పుకి ముందు అత్తగారు పాలివ్వడానికి వీలుగా ముందు బొత్తాలు పెట్టి ఆరు చొక్కాలు కుట్టింది. నాలుగు నెలలుగా అవే వేసుకుంటోంది. మొదటి రోజు ఎలా పట్టాయో ఇప్పుడూ అలాగే పట్టాయి. అంటే ఒళ్ళు పెరగడం ఆగింది, సగం తినడం పనిచేస్తోంది, మాత్ర మానేసినా ఏమీ కాలేదు అని ఆమె లెక్క. నీరసం ఎందుకంటే నిద్ర లేక. పొద్దున్నే ముఖం ఉబ్బడం ఏడ్చినందుకు. ఎందుకు ఏడ్చిందో మాత్రం ఆమెకీ తెలియదు.

ఒక్క పాలిచ్చేటప్పుడే ఆమెకు ప్రాణం కుదుటపడేది. గింజ కళ్ళు మూసుకుని గుటకలు వేస్తుంటే, లోకంలో ఒకరికైనా నేను కావాలి అనుకునేది. ఈమధ్య ఆ గుటకలు తగ్గాయి. గింజ కాసేపు లాగి, వదిలేసి, గొంతు చించుకుని ఏడుస్తోంది. పాలు పోతే నాతో దీనికేం పని అనే ఆలోచన వచ్చినప్పుడల్లా ఆమె కిటికీ తలుపు గట్టిగా వేసేది, ఆలోచన బయటినుంచి వస్తున్నట్టు.

ఆ రోజు టీకా వేయించే రోజు. టేపత్త కూడా వస్తానంది గానీ, బడివాళ్ళు సరుకు కోసం వస్తామన్నారు. ఫరవాలేదత్తయ్యా, నేను వెళ్ళొస్తాను అంది కోడలు. అత్తగారు ఇస్త్రీ చేసి పెట్టిన నీలం చొక్కా తొడుక్కుని, పాపని ఎత్తుకుని బస్సెక్కింది.

ఆసుపత్రిలో నర్సు ముందు గింజని తూచింది. కార్డులో పోయిన నెల అంకె చూసింది, మళ్ళీ తూచింది. అప్పటిదాకా జోకులేస్తున్న మనిషి కార్డు మీద ఎర్రగీత గీసింది. తర్వాత తల్లిని కూడా కాటా ఎక్కమంది.

"కాన్పయ్యాక తొమ్మిది కిలోలు పెరిగావమ్మా."

కోడలు నవ్వింది. మీ కాటా పాడైనట్టుందండీ, నా చొక్కాలు నాకు అలాగే పడుతున్నాయి, అంది.

"దానికి నీమీద పగేముంది తల్లీ. ఇంతకుముందే నేనెక్కి తిట్టుకున్నాను," అని నర్సు ఆమె ముఖంలోకి పరీక్షగా చూసి, చెయ్యి పట్టుకుని, ఎండ కాస్తున్న రోజున ఆ చెయ్యి అంత చల్లగా ఉండడమేమిటని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది.

డాక్టరమ్మ ఒక్కొక్కటే అడిగింది. మాత్ర మానేసి రెండు నెలలయిందని కోడలు చెప్పడం అదే మొదటిసారి. డాక్టరమ్మ కోప్పడలేదు. రక్తం తీయించి, విడమరిచి చెప్పింది. ఆ మాత్ర పాలల్లోకి వెళ్ళేది లెక్కలోకి రానంత, దానివల్ల బిడ్డకి ముప్పు లేదు. మాత్ర మానేస్తేనే ముప్పు. ఒళ్ళు బరువెక్కుతుంది, మనసు కుంగుతుంది, పాలు తగ్గుతాయి. దానికితోడు అర్ధాకలి. పాలిచ్చే తల్లి మామూలుకంటే కాస్త ఎక్కువే తినాలి, బరువు సంగతి తర్వాత నెమ్మదిగా చూసుకోవచ్చు. రెండు వారాల్లో పాప బరువు పెరగకపోతే పైపాలు కూడా పట్టాలి. ఈ మాట దగ్గర కోడలికి చెవులు గింగురుమన్నాయి. తక్కినదంతా దూరంగా వినిపించింది.

ఇంటికి రాగానే పాపని ఉయ్యాల్లో వేసి, చొక్కా విప్పి తిరగేసి చూసింది. పక్కకుట్టు కొత్త దారంతో మెరుస్తోంది. దానికి అంగుళం లోపల, పాత కుట్టు ఉన్నచోట, సూది పోట్ల జాడ చీమల బారులా ఉంది. దానికీ దీనికీ మధ్య మరో రెండు బారులు. మిగతా ఐదూ తిరగేసింది. అన్నీ అంతే. వాటిని పోగేసుకుని కిందికి దిగింది.

టేపత్త తలెత్తి చొక్కాలు చూసింది. మిషను ఆగిపోయింది. బడివాళ్ళు అప్పుడే సరుకు తీసుకుని వెళ్ళినట్టున్నారు, నేల నిండా బట్ట ముక్కలున్నాయి.

"ఎన్నిసార్లు విప్పారత్తయ్యా?"

"మూడుసార్లు."

"ఎందుకు?"

"బిగుతయితే బాధపడతావని."

"నా ఒళ్ళు నాకే తెలియకుండా చేశారు," అంది కోడలు. గొంతు పెరగలేదు, అదే భయంగా ఉంది. "తగ్గుతున్నాననుకుని ఇంకా తక్కువ తిన్నాను. మాత్ర మానేసినా ఏం కాలేదనుకున్నాను. ఇవాళ మీ మనవరాలు బరువు పెరగలేదని కార్డు మీద ఎర్రగీత గీశారు. నా పాలు పోతున్నాయి. మీరేమో కింద కుట్లు విప్పుకుంటూ కూర్చున్నారు."

టేపత్త ముఖం పాలిపోయింది. పాలిపోయినా ఊరుకునే మనిషి కాదు.

"మాత్ర మానేశావా? ఎప్పుడు? నాకు చెప్పావా?" అంది. "రోజూ గిన్నెలో అన్నం ఎందుకు మిగులుతోందో నాకర్థం కాక, కొలత తప్పుతున్నానేమోనని డబ్బాతో కొలిచి పోశాను. నేను దాచింది అంగుళం బట్ట. నువ్వు దాచింది అన్నం, మందు. ఇంట్లో మనిషినున్నాను కదమ్మా నేను."

"ఎక్కడున్నారు? పళ్ళెం పెట్టి దిగిపోతారు. పది మాటలాడితే మిషను ఆగిపోతుందన్నట్టు."

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. టేపత్త మెడలోంచి టేపు తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడ మెడ బోసిగా కనబడడం కోడలికి కొత్త. మేడ మీద ఉయ్యాల కిర్రుమంది.

"నీ మొగుడు మూడు నెలల పిల్లాడు," అంది ముసలావిడ నేల చూస్తూ. "నేను ఒళ్ళు చేశాను. మా ఆడబిడ్డ పదిమందిలో నన్ను నీళ్ళ కాగు అంది. అందరూ నవ్వారు, మీ మామగారు కూడా. ఆ రోజునుంచి నేను తినడం మానేశాను. పది రోజులకి పాలు ఎండిపోయాయి. వాడు నా ఒళ్ళో పడుకుని వెతుక్కునేవాడు. ఆ వెతుక్కోవడం ఇప్పటికీ ఇక్కడే ఉంది," అని గుండెల మీద చెయ్యి పెట్టుకుంది. "నా ఇంట్లో పాలిచ్చే పిల్లని చొక్కా కూడా ఆ మాట అనకూడదనుకున్నాను. నాకు చేతనయింది కుట్టు ఒక్కటే. దాంతోనే చేశాను. నీకు జబ్బని తెలిస్తే విప్పేదాన్నా? నిన్ను వీపున మోసుకునైనా డాక్టరు దగ్గరికి పోయేదాన్ని."

నాలుగు నెలలుగా కారణం లేకుండా కోడలికి వచ్చిన ఏడుపుకి ఇప్పుడు కారణం దొరికింది. ముక్కల మధ్య నేల మీదే కూలబడింది. టేపత్త లేచివచ్చి పక్కనే కూర్చుంది, మోకాళ్ళు పట్టేస్తున్నా. కోడలి తల తన భుజానికి ఆనించుకుంది. నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు, ఇద్దరం ఇద్దరమే అంది. అంతలో పైన గింజ ఏడ్చింది. ఆ రోజు పాపని తెచ్చింది నాయనమ్మే. పాలు తాగినంతసేపూ అక్కడినుంచి కదలలేదు.

రక్తం ఫలితం వచ్చింది. అంకె ఉండవలసినదానికి ఎన్నో రెట్లు ఉంది. మాత్ర మళ్ళీ మొదలైంది, మోతాదు మారింది. పరగడుపున నీళ్ళతో వేసుకుని గంటసేపు ఇంకేదీ తీసుకోకూడదు. ఐరన్, కాల్షియం మాత్రలు దానితో కలపకుండా మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. మరీ అద్భుతాలేం జరగలేదు. రెండు వారాలకి గింజ బరువు కాస్త పెరిగింది గానీ చాల్లేదు. డాక్టరమ్మ చెప్పినట్టే సాయంత్రం ఒక పూట పైపాలు మొదలుపెట్టారు. గింజ నాయనమ్మ చేతిలో ఆ పాలు తాగేసి, తల్లి కనబడగానే చేతులు చాచింది. పాలకోసం కాదు, ఊరికే. కోడలు ఆ చేతులవైపు చాలాసేపు చూసింది.

మాత్ర మళ్ళీ వేసుకున్న మొదటి రోజు సంగతి చెప్పి ఆపుతాను. పొద్దున ఆరింటికి కోడలు మాత్ర మింగి, గంట ఎప్పుడు గడుస్తుందా అని మంచం మీద కూర్చుంది. మెట్ల మీద అడుగులు వినిపించాయి. టేపత్త వచ్చింది. లేవగానే టీ పడకపోతే తలనొప్పి వచ్చే మనిషి, ఖాళీ చేతులతో వచ్చి మంచం చివర కూర్చుంది.

"మీరు తాగండత్తయ్యా. ఆగాల్సింది నేను కదా."

"ఒక్కదానివే ఆగితే అది గంట. ఇద్దరం ఆగితే కబుర్లు," అంది టేపత్త. కాళ్ళు పైకి ముడుచుకుని, ఆ ఆడబిడ్డకి చివరికి ఎలాంటి కోడలు దొరికిందో మొదలుపెట్టింది. అది విని కోడలు నవ్వితే గింజ ఉలిక్కిపడి లేచింది.

గంట ఎప్పుడయిందో ఇద్దరూ చూసుకోలేదు.

"అత్తయ్యా," అంది కోడలు, "ఆకలేస్తోంది."

ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు టేపత్త మోకాళ్ళ నొప్పులు మరచి లేచింది. "పద, కిందికి పోయి ఇద్దరం తిందాం," అంది.

రాసినది: అందరూ పెద్దక్క అని పిలిచే నేను. వయసు అరవై తొమ్మిది. ఇప్పుడు ఉంటున్నది మా చెల్లెలి ఇంట్లో, వీధి వైపు చిన్న గదిలో.