ఏడో బావి

ఆ పొద్దున బాలమల్లు మళ్ళీ చిలక కథ ఎత్తుకున్నాడు. పోచంపల్లి పక్కన వాళ్ళ ఊళ్ళో మేనమామ నేసిన చీర కొంగు మీద చిలకను చూసి, నిజం చిలక ఒకటి వచ్చి వాలిందట. ఎంత పలకరించినా కొంగు మీది చిలక మారు పలకలేదని అలిగి మగ్గం గుంటలో కూర్చుందట. దోర జామపండు తెచ్చి ముందు పెడితే మొహం తిప్పుకుందట.

"చివరికేం చేశారు మావయ్యగారూ?" కోడలు శ్రీకళ లంచ్ బాక్సులు సర్దుతూ అడిగింది. ఆమెది తెనాలి వైపు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ ఆఫీసులో పని. ఈ కథ ఆమెకు కంఠతా వచ్చు, అయినా అడుగుతుంది.

"ఏం జేస్తం బిడ్డా! మా మేనమామ మళ్ల మగ్గంల కూసోని కొంగుచిలక నోరు తెరిసినట్టు నేసిండు. గప్పుడు గని ఎగిరిపోలే."

శ్రీకళ నవ్వింది. ఆ నవ్వు వినబడితే గానీ బాలమల్లుకు చాయ్ రుచించదు. మగ్గం వదిలి ఎల్‌బీనగర్‌లో కొడుకు సతీష్ ఇంటికి వచ్చాక ఆయనకు రెండే పనులు. మధ్యాహ్నం దాకా దిల్‌సుఖ్‌నగర్‌లో కొడుకు చీరల దుకాణంలో కూర్చోవడం, ఆ తరవాత ఫోను పట్టుకుని 'మన ఊరి ముచ్చట్లు' గ్రూపులో కోతలు కోయడం. ఊళ్ళో మిగిలినవాళ్ళు, ఊరు విడిచి సైదాబాద్‌కో వనస్థలిపురానికో చేరినవాళ్ళు అందరూ అందులోనే. బాలమల్లు గొంతు వచ్చిందంటే చాలు, పళ్ళికిలించే బొమ్మలు వరస కట్టేవి.

ఆ పొద్దున నవ్వనిది భార్య పెంటమ్మ ఒక్కతే. ఆమె ముందు పెట్టిన చాయ్ మీద మీగడ కట్టింది.

"ఏందే, తాగుతలేవు?"

"గొంతు దిగుతలేదయ్యా. ఎవలో పట్టి పిసికినట్టయితాంది." పెంటమ్మ కుడి మణికట్టు రుద్దుకుంది. "గీ చెయ్యి గూడ నిన్నటి సంది చీమలు పారినట్టు జిమజిమ అంటాంది."

చాయ్ చల్లారితే చల్లారింది, కాసిని నీళ్ళన్నా తాగమంటూ శ్రీకళ గ్లాసు అందించింది. పెంటమ్మ చేయి చాచింది. నీళ్ళు కళ్ళబడ్డాయో లేదో, ఆమె మెడ వెనక్కి విరుచుకుపోయింది. గ్లాసు నేల మీద పడి దొర్లింది.

"తియ్యి బిడ్డా! అవుతల పెట్టు! నాకేందో భయమైతాంది!" అంటూ పెంటమ్మ గోడకు అతుక్కుపోయింది. ఫ్యాను గాలి మొహానికి తగిలినా ఉలిక్కిపడుతోంది.

శ్రీకళ పడ్డ గ్లాసు తీయలేదు. అత్తగారి మణికట్టు మీద మానిపోయిన సన్నని గీత వైపు చూసింది. తరవాత మామగారి వైపు చూసింది.

"మావయ్యగారూ, ఆ కుక్కపిల్ల గీరినప్పుడు ఇంజక్షన్లు అన్నీ వేయించారు కదా?"

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి బాలమల్లుకు చెప్పడానికి కథ దొరకలేదు.

*

అది శివరాత్రి ముందు సంగతి. అపార్ట్‌మెంటు సెల్లార్‌లో ఒక కుక్కపిల్ల చేరింది. పెంటమ్మ పాలలో రొట్టె నానేసి పెట్టేది. అది ఒకనాడు ఉన్నట్టుండి ఆమె చేతిని పంటితో గీరింది. రక్తం కూడా రాలేదు. అయినా శ్రీకళ ఊరుకోలేదు. సబ్బు పెట్టి చాలాసేపు కడిగించి, బస్తీ దవాఖానాకు తీసుకుపోయి మొదటి సూది వేయించింది. మిగతావి చెప్పిన రోజుల్లో తప్పకుండా వేయించాలని నర్సు మరీ మరీ చెప్పింది. కోడలికి అది అడ్మిషన్ల సమయం. అందుకని తీసుకుపోయే పని బాలమల్లు మీద పడింది.

రెండో సూదికి బయలుదేరే పొద్దునే ఇంటి గ్రూపులో సతీష్ ఒక వీడియో పంపాడు. తెల్లకోటు వేసుకుని, మెడలో స్టెతస్కోపు వేలాడేసుకుని ఒక పెద్దమనిషి మాట్లాడుతున్నాడు. కుక్క సూదుల్లో మొదటిదే మందట, మిగతావన్నీ వ్యాపారమట. అరవై దాటినవాళ్ళు వేయించుకుంటే నరాలు చచ్చుబడతాయట. ఎర్ర టవలు తలకు చుట్టుకుని దవాఖానాకు నడుచుకుంటూ వచ్చిన రైతును ఇంటికి మంచం మీద మోసుకుపోయారట. పెద్దలు ఏడు బావులు చూడమన్నది ఊరికే కాదట. బావి నీళ్ళలో నీడ చూసుకుంటే విషం దిగిపోతుందని ఇప్పుడు సైన్సు కూడా ఒప్పుకుందట.

బాలమల్లు రెండుసార్లు చూశాడు. చిన్నప్పుడు ఊళ్ళో కుక్క కరిచినవాళ్ళను బావుల చుట్టూ తిప్పడం ఆయన కళ్ళారా చూసిందే. నాయనమ్మ చెప్పిందీ తెల్లకోటు చెప్పిందీ ఒకటే అయింది. పైగా పంపింది కన్నకొడుకు.

శ్రీకళ ఆఫీసు నుంచే ఆ వీడియో చూసి "ఇది పచ్చి అబద్ధం, ఎవరూ నమ్మకండి" అని గ్రూపులో పెట్టింది. బాలమల్లు దానికి బొటనవేలు బొమ్మ పెట్టాడు. ఆయన లెక్కలో బొటనవేలు అంటే చూశానని అర్థం, ఒప్పుకున్నానని కాదు.

సూదికని చెప్పి భార్యాభర్తలిద్దరూ ఆటో ఎక్కారు. సైదాబాద్‌లో ఒక గుడి వెనక ఇనుప జాలీ కింద ఒక బావి దొరికింది. గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ ఉన్న రోజుల్లో హమాలీలు నీళ్ళు తోడుకున్న బావి అని ఒక ముసలాయన ఇంకొకటి చూపించాడు. వనస్థలిపురంలో ఒకావిడ, ఇల్లు కొనేటోళ్ళా అని అడిగి మరీ పెరట్లోకి రానిచ్చింది.

"గిన్ని బాయిలుండె గద ఈ దిక్కు. అన్నీ ఏడ వోయినయయ్యా?"

"అపార్ట్‌మెంట్ల కింద పండుకున్నయే. లేపితే ఓనర్లు కొట్లాటకొస్తరు."

పెంటమ్మ దారంతా నవ్వింది. పెళ్ళయిన కొత్తలో కూడా బాలమల్లు ఆమెను ఇంతగా తిప్పలేదు. ఎంత తిరిగినా లెక్క ఆరు బావుల దగ్గరే ఆగిపోయింది. పొద్దు గూకుతుంటే ఇంటికొచ్చి, సెల్లార్‌లో నేల కింది నీళ్ళ సంపు మూత ఎత్తాడు బాలమల్లు.

"గిది బాయెట్లయితది? సంపు గద!"

"నీళ్లున్నయా లేవా? లోతున్నదా లేదా? ఇంకేం గావాలె నీకు? జర వంగి సూడు."

పెంటమ్మ వంగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ, సంపులో తన నీడ చూసుకుంది.

ఆ సాయంత్రం బాలమల్లు కోడలికి సూది కథ చెప్పాడు. సూది చూసి పెంటమ్మ పెట్టిన కేకకు చౌరస్తాలో ఆటోలు ఆగిపోయాయనీ, ట్రాఫిక్ పోలీసు విజిల్ మింగేశాడనీ. శ్రీకళ కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. అంత నవ్వాక ఇంక అడగాలని ఎవరికి తోస్తుంది? ఆ తరవాత ప్రతి సూదికీ ఒక కొత్త కథ వచ్చింది. మధ్యలో కుక్కపిల్ల చచ్చిపోయింది. పెంటమ్మ దాని కోసం ఏడ్చిందే గానీ, ఆ మాట కోడలి చెవిన వేయాలని ఇద్దరికీ తట్టలేదు.

*

దవాఖానాకు వచ్చే దారిలో బాలమల్లు మిగతా సూదులు వేయించలేదనీ, బావులు చూపించాననీ ఒప్పుకున్నాడు. పెద్ద దవాఖానాలో డాక్టరు సతీష్‌ను పక్కకు పిలిచి మాట్లాడింది. ఇది రేబిస్ అనీ, జబ్బు బయటపడ్డాక దీనికి మందు లేదనీ, నొప్పి తెలియకుండా, భయం తగ్గేలా చూడటమే తాము చేయగలిగిందనీ చెప్పింది. సతీష్ వరండాలోకి వచ్చి తండ్రి ఎదురుగా నిలబడ్డాడు.

"సూదులు ఏయిస్తున్ననని మాకు కతలు చెప్పినవా నాయినా? అమ్మ పానంతోటి గూడ నీకు పరాచికమేనా?"

"కాదు బిడ్డా..."

"ఏం కాదు? జన్మల ఒక్క నిజమన్న చెప్పినవా నువ్వు? ఎవడు చెప్పిండు నీకు బాయిలు సూపియ్యమని? ఏ లంగగాడు చెప్పిండు?"

బాలమల్లు తల ఎత్తాడు. "నువ్వే గదరా పంపినవ్."

సతీష్ జేబులోంచి ఫోను తీసి, ఇంటి గ్రూపులో వెనక్కి వెనక్కి జరిపాడు. వీడియో అక్కడే ఉంది. పైన అతని పేరు ఉంది. కింద చేతులు జోడించిన బొమ్మ కూడా ఉంది.

"నేను సూడనే లేదు నాయినా." అతని గొంతు చిన్నపిల్లవాడి గొంతులా అయింది. "లగ్గం గిరాకి ఉండె దుకాణంల. కుక్క బొమ్మ కనబడ్డది. అమ్మకు పనికొస్తదేమోనని పంపిన. తెరిసి గూడ సూడలే."

శ్రీకళ బెంచీ మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "మీరు చూడకుండా పంపారు. నేను చూశాను కదండీ! అబద్ధమని రాసి, రాశాను కదా అని నా పని చూసుకున్నాను. పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాల్సింది. ఒక్కసారి వెంట వెళ్ళాల్సింది."

ఆమె తన ఫోను తీసి మామగారికి చూపించింది. అదే మనిషి, అదే తెల్లకోటు. ఒక వీడియోలో బట్టతలకు నూనె అమ్ముతున్నాడు. ఇంకొక దాంట్లో షుగర్‌కు చూర్ణం అమ్ముతున్నాడు. ఏ దవాఖానా పేరూ చెప్పడు, చదువెక్కడో చెప్పడు.

"ఈయన డాక్టరే కాదు మావయ్యగారూ. పేరు కొట్టి వెతికితే రెండు నిమిషాల్లో తెలిసేది."

బాలమల్లు తన ఫోనులో పాత వీడియో పెట్టి మళ్ళీ విన్నాడు. ఎర్ర టవలు దగ్గర ఆపాడు. మళ్ళీ వెనక్కి జరిపి విన్నాడు.

"బిడ్డా, ఈ రైతుకు పేరు లేదు, ఊరు లేదు. ఎర్ర టవలు మాత్రం ఉన్నది. ఎందుకో ఎరికేనా?" ఆయన కోడలి వైపు చూశాడు. "నా చిలకకు జామపండు ఉన్నది సూడు, గందుకే. టవలు కండ్లకు కనబడ్డంక మనిషి ఉన్నడా లేడా అని ఎవ్వలడగరు. నా పనే ఇది. పుట్టినప్పటి సంది నేను జేసే పనే ఇది. ఇంకొకని నోట్లకెళ్లి వస్తే ఆనవాలు పట్టకపోతి."

*

సాయంత్రం పెంటమ్మకు కాస్త తెరిపి వచ్చింది. ఆ గదిలో ఫ్యాను తిప్పడం లేదు, కిటికీకి దుప్పటి కట్టారు. నర్సు ఇచ్చిన మాస్కు, గ్లౌజులు వేసుకుని బాలమల్లు మంచం పక్కన నిలబడ్డాడు. పెంటమ్మ ఆయన్ను గుర్తుపట్టింది.

"ఏడోది లెక్కకు రాలేదయ్యా."

"ఏందే?"

"సంపు బాయి గాదని నేను జెప్పలే? ఇన్నవా నువ్వు?" అంత బాధలోనూ ఆమె గొంతులో పాత దెప్పు ఉంది, కోపం లేదు. "పోనీ తియ్యి. నువ్వు మాత్రం ఏం జేస్తవ్, ఈ పట్నంల బాయిలేడున్నయి? కని మనోల్లకు చెప్పు. గ్రూపుల చెప్పు. ఏడు బాయిలూ సక్కగ సూడుమను. సంపు సూడొద్దను."

బాలమల్లు నోరు తెరిచాడు. బావులది కాదే తప్పు, నాది అనాలనుకున్నాడు. ఆమె ఆయన చేతిని వెతుక్కుంటూ పట్టుకుంది. ఆమె లెక్కలో తప్పంతా సంపుది. మొగుడిది కాదు, కొడుకుది కాదు. ఆ లెక్కతోనే ఆమె పోనున్నది.

"అట్లనే చెప్త," అన్నాడు. ఆయన చెప్పిన అబద్ధాల్లో టవలు గానీ జామపండు గానీ లేనిది అదొక్కటే.

వరండాలోకి వచ్చి ఊరి గ్రూపు తెరిచి, మైకు గుర్తు మీద వేలు పెట్టాడు.

"నేను బాలమల్లును. మా పెంటమ్మకు కుక్కపిల్ల పన్ను గీరింది. ఒక్క సూది ఏయించి ఊకున్న. వీడియోల చెప్పింది నమ్మి బాయిలు సూపించుకుంట తిరిగిన. ఏడోది దొరకకపోతే సంపు సూపించిన. ఇగ ఆమె మనకు దక్కదు. మీరెవ్వలు బాయిలెంబడి తిరుగకుండ్రి. సూదులన్నీ ఏయించుకోండ్రి."

వేలు తీయగానే అది వెళ్ళిపోయింది. అరనిమిషం కాలేదు, పళ్ళికిలించే బొమ్మలు వరస కట్టాయి.

"మామ ఇయ్యాల కొత్తది ఎత్తుకున్నడు!"

"సంపు సూపించినవా తాతా? నీయవ్వ, నవ్వలేక సస్తున్న."

"తర్వాత ఏమైంది? ఏడో బాయిల ఏం కనబడ్డది? జల్ది చెప్పు పెద్దనాయినా!"

సతీష్ వచ్చి పక్కన కూర్చున్నాడు. పొద్దున ఆడిన మాటలు ఇద్దరి మధ్యా ఇంకా పచ్చిగానే ఉన్నాయి. అయినా అతను తండ్రి చేతిలోంచి ఫోను తీసుకుని, తనూ మైకు నొక్కాడు.

"నేను సతీష్‌ను. నాయిన చెప్పింది కత గాదు. ఆ వీడియో పంపింది నేనే. అమ్మ..." అక్కడ గొంతు ఆగిపోయింది. ఏడుపు మాత్రం కొంచెం రికార్డయింది. దాన్నలాగే పంపించాడు.

పళ్ళికిలించే బొమ్మలు ఆగిపోయాయి. చాలాసేపటికి ఊళ్ళో ఉండే మహేందర్ నుంచి ఒక్క మెసేజి వచ్చింది. "పెద్దనాయినా, మా చిన్నదాన్ని మొన్న పిల్లకుక్క గీరింది. జర గీరిందంతే. ఒక్క సూది ఏయించినం. సాలదా?"

"సాలదు బిడ్డా. ఇప్పుడే తోలుకపో. బాయిల మాట ఎవ్వలు చెప్పినా ఇనకు, నేను చెప్పినా ఇనకు," అన్నాడు బాలమల్లు మైకులో.

విన్నట్టు గుర్తు పడింది. జవాబు రాలేదు.

"నమ్మిండంటవారా?"

సతీష్ తండ్రి భుజం మీద తల ఆనించాడు. ఫోను మధ్యలో పెట్టుకుని ఇద్దరూ ఆ ఒక్క జవాబు కోసం కూర్చున్నారు. లోపల పెంటమ్మ దప్పికవుతోందని పిలుస్తోంది.