పాలు పొంగిన వాటా

ఇల్లు అద్దెకివ్వడం అంత తలనొప్పి పని ఇంకోటి లేదు. దిగిన రోజు నుంచీ గోడలకి మేకులు కొడతారు. మోటారు ఆపడం మరిచిపోతారు. చుట్టాలొచ్చారని చెప్పాపెట్టకుండా డాబా మీద పక్కలు పరుస్తారు. ఇదేమిటని అడిగితే మనమే వాళ్ళింట్లో ఉంటున్నట్టు మొహం పెడతారు. అయినా ఇవ్వక తప్పదు. మా ఆయన పోయాక నాకు మిగిలింది అమలాపురంలో ఈ రెండు వాటాల మేడ ఒక్కటే. పైన నేనుంటాను. కింద వాటా అద్దె మీద నా బతుకు నడుస్తుంది.

కింద వీరేంద్ర, అతని పెళ్ళాం బేబీ ఉండేవారు. అతనిది రొయ్యల మేత అమ్మే కంపెనీలో ఉద్యోగం. మనుషులు చెడ్డవాళ్ళు కారు. కానీ శ్రావణంలో ఉప్పలగుప్తం నుంచి వాళ్ళమ్మ రామలక్ష్మిని తెచ్చి, వెనకగదిలో నవారు మంచం మీద పడుకోబెట్టారు. నాతో ఒక్క మాట చెప్పలేదు. ఆవిడ ఇక లేచి తిరిగే మనిషి కాదని చూడగానే తెలిసిపోయింది. నాకు ఒళ్ళు మండింది.

ఇంటి ఓనరు భయం అద్దెకుండేవాళ్ళకేం తెలుస్తుంది? ఇంట్లో మనిషి పోయారంటే ఆ వాటా గుమ్మం ఎవరూ తొక్కరు. అందులోనూ ధనిష్ఠా పంచకంలో పోతే మరీ ఘోరం. ఆ నక్షత్రాల్లో చావు జరిగిన ఇల్లు నెలల తరబడి తాళం వేసి పాడుపెట్టాలి. ఆ నెలలన్నీ నేనేం తినాలి?

ఆవిడకి ఎగశ్వాస మొదలైందని తెలిసిన పొద్దున్నే పురోహితులు గౌరీశంకరం గారికి ఫోన్ చేశాను.

"పంచకాలు వచ్చేసేయమ్మా," అన్నారాయన. "ఊపిరుండగానే గుమ్మం దాటించేస్తే ఇంటికి దోషం ఉండదు."

అంతే, కిందకి దిగాను.

"వీరేంద్రా, మీ అమ్మగారిని మీ ఊరు తీసుకెళ్ళిపో. ఇప్పుడే."

"కదపొద్దని డాక్టరు గారు చెప్పేరండీ..." అన్నాడు చేతులు నలుపుకుంటూ.

"ఆవిణ్ణి నువ్వు కదపకపోతే మీ సామాను నేను కదుపుతాను."

బేబీ ఏడుస్తూ లోపలికి వెళ్ళిపోయింది. వీధి చివర ఆటో నడిపే అప్పలరాజుని నేనే ఫోన్ చేసి పిలిచాను. ఊపిరుండగానే గుమ్మం దాటించాలి, తొందరగా రమ్మన్నాను. అతను వచ్చి వెనకసీటు మీద దుప్పటి పరిచాడు. మొగుడూ పెళ్ళాం ఆవిణ్ణి మోసుకొస్తుంటే వాన మొదలైంది. గేటు దగ్గర ఆవిడ చెయ్యి చాపి ఊచ పట్టుకుంది. కళ్ళు తెరిచి నాకేసి చూసింది.

"మళ్ళీ వచ్చినప్పుడు... పాలు పొంగించుకోవాలాండీ?"

కొత్తగా ఇంట్లో దిగేవాళ్ళు ముందు పాలు పొంగించుకుంటారు. పాలు పొంగాయంటే ఆ ఇంట్లో వాళ్ళు దిగినట్టే. పోయే వేళ ఈవిడకి ఇదేం ప్రశ్న అని నాకు చిరాకేసింది.

"అలాగే పొంగించుకోండి మామ్మగారూ, ఎవరొద్దన్నారు? ముందు చెయ్యి తియ్యండి," అని ఆ వేళ్ళు నేనే ఒక్కొక్కటి విడదీశాను.

"ఆయ్," అంది ఆవిడ.

కాలవ వంతెన దాటకుండానే ప్రాణం పోయిందట. నా ఇంటికి దోషం తప్పింది. వీరేంద్ర మళ్ళీ మొహం చూపించలేదు, సామాను వ్యాను పంపించి తెప్పించుకున్నాడు. నేను కింద వాటా కడిగించి సున్నం వేయించాను. బ్యాంకులో పనిచేసే సాయిదుర్గాప్రసాద్ అనే కుర్రాడు వచ్చి చూసి, వాటా చాలా నచ్చిందన్నాడు. మర్నాడు పొద్దున్నే పాలు పొంగించుకుని దిగుతామన్నాడు. నా మనసు కుదుటపడింది.

ఆ సాయంత్రం ముసురు పట్టింది. దీపాలు పెట్టే వేళకి కరెంటు పోయింది. కింద కుళాయిలన్నీ కట్టి ఉన్నాయో లేదో చూద్దామని, ఫోను వంటింటి గట్టు మీద వదిలేసి, తలుపు దగ్గరగా వేసి, టార్చి పట్టుకుని దిగాను. తడిసిన కొబ్బరాకుల వాసన, కొత్త సున్నం వాసన కలిసి వస్తున్నాయి. మెట్లు దిగేకొద్దీ ఇంకో వాసన తగిలింది. పాలు కాగుతున్న వాసన.

తాళం వేసింది వేసినట్టే ఉంది. తీసి లోపలికి వెళ్ళాను. ముందుగది ఖాళీ. అడుగు పెడితే నా అడుగే నాకు తిరిగి వినిపిస్తోంది. వంటింట్లోంచి సన్నగా బుడబుడమని చప్పుడు...

టార్చి వేశాను. గట్టు మీద మూడు ఇటికలు. వాటి మీద ఇత్తడి గిన్నె. గిన్నె మెడకి పసుపుకొమ్ము కట్టి ఉంది.

పాలు పైకి లేస్తున్నాయి.

కింద నిప్పు లేదు.

నేను చూస్తుండగానే పొంగి తూర్పువైపు కారాయి. వెనకగదిలో నవారు మంచం కిర్రుమంది. ఆ గదిలో మంచం లేదు... కడిగించింది నేనే... ఏమీ లేదు.

"వచ్చేసేనండీ..."

టార్చి ఎక్కడ పడిపోయిందో తెలీదు. మెట్లన్నీ ఎలా ఎక్కానో తెలీదు. నా తలుపు తోశాను. రాలేదు. లోపల గడియ వేసి ఉంది. తలుపు కింద సందులోంచి దీపం వెలుగు. అక్కడా అదే పాల వాసన.

"ఎవరది లోపల?" అంటూ తలుపు బాదాను.

కాళ్ళు ఈడ్చుకుంటూ ఎవరో తలుపు దాకా వచ్చారు. ఆగారు.

"ఇల్లు ఖాళీ లేదండీ," అంది గొంతు. ఎంతో మర్యాదగా.

పొంగించుకోండి అన్నానే గానీ, ఏ వాటాలో అన్నది నేను చెప్పలేదు.

వానలో పడుతూ లేస్తూ గేటు తీసి వీధిలోకి వచ్చాను. ఎదురుగా ఆటో ఆగి ఉంది, ఇంజను నడుస్తోంది. అప్పలరాజు తల బయటపెట్టాడు. ప్రాణమున్న మనిషిని చూసేసరికి ఏడుపొచ్చింది.

"నువ్వెందుకొచ్చావురా?"

"మీరేగా ఫోన్ చేసేరు! ఊపిరుండగానే గుమ్మం దాటించాలి, తొందరగా రమ్మన్నారు." ఫోను నాకేసి తిప్పాడు. నంబరు నాదే. "గొంతు నీరసంగా ఉంటే, జలుబు చేసిందేమో అనుకున్నానండీ. ఇంతకీ ఎవర్నండీ తీసుకెళ్ళాలి?"

గేటు ఊచని ఎప్పుడు పట్టుకున్నానో, రెండు చేతులా పట్టుకుని ఉన్నాను. అప్పలరాజు కాసేపు చూసి, దిగి, నాకు వీపు పెట్టి వెనకసీటు మీద దుప్పటి పరవడం మొదలుపెట్టాడు.

గేటు లోపలి వైపు నుంచి ఎవరో నా వేళ్ళని ఒక్కొక్కటి విడదీస్తున్నారు.