పాత ప్రోగ్రాముకు పెట్టిన రొట్టెలు

కరగంద ఊరంతటికీ చలికాలంలో వేడినీళ్ళు పంపే కేంద్రంలో నేను ఇంజనీరుని. ఏ వీధికి ఎంత వేడి వెళ్ళాలో చూసేది ఒక పాత ప్రోగ్రాము. దాన్ని రాసిన ఎర్ముకాన్ గారు పోయాక దాని మతలబులు తెలిసింది నాకొక్కదానికే. ఇంతలో కొత్తది వచ్చింది. పొద్దున కొత్తదాని పాఠం, తర్వాత పాతదాని చాకిరీ. పరీక్ష గట్టెక్కకపోతే పాతదానితోపాటు నన్నూ ఇంటికి పంపేస్తారు. నేను పాఠం తెరిస్తే చాలు, పాతది మొరాయించేది. చివరికి నాకు బెంగ కూడా లేకుండా పోయింది. చేతులు మాత్రం కదిలేవి.

పాతదాన్ని ఆపేసే రోజు శుక్రవారం. ఇక్కడ ఒక మాట చెప్పాలి. శుక్రవారాలు మేం పోయినవాళ్ళ కోసం షెల్పెక్ రొట్టెలు నూనెలో వేయిస్తాం. రొట్టె తినేది మనం. వాళ్ళకు అందేది వాసన.

నాతో పనిచేసే కుల్జియా పొయ్యి వెలిగించింది.

"దీనికీ పెట్టి సాగనంపుదాం అక్కా. ఇన్నేళ్ళు నీ నెత్తినెక్కి కూర్చుంది, ఊరికే దిగుతుందా?"

"నీ నోటికి అడ్డూ ఆపూ లేదే."

"సర్లే, ఎవరికి అందాలో మనసులో అనుకో."

పేరు తలుచుకోవాలి, అదీ పద్ధతి. నేను పేరు అనుకోలేదు. 'దీన్ని కనిపెట్టుకుని ఉన్న మనిషికి అందుగాక' అనుకున్నాను. ఎర్ముకాన్ గారు చూసుకున్నది కొన్నేళ్ళే. మిగతా అన్నేళ్ళూ చూసుకున్నది నేను. అది అప్పుడు తట్టలేదు.

పక్కగదిలో పాత ప్రోగ్రాము నడిచే కంప్యూటరు తీగ పీకేశాం. కుల్జియా ఇంటికెళ్ళింది. మంచు కురుస్తూ పెందలాడే చీకటి పడింది. నేను పాఠం తెరిచాను. పక్కగదిలోంచి కాగిన నూనె వాసన... దాని వెనకే మీటల చప్పుడు. టక్... టక్...

తలుపు తీశాను.

తెర నల్లగానే ఉంది. తీగ నేలమీదే ఉంది. కుర్చీలో ఎవరో... నా శాలువా. నా వంగిన వీపు.

నా భుజాలు తడుముకున్నాను. శాలువా ఉంది.

"ఎవరు..."

అది తిరగలేదు. నా గొంతుతోనే మెల్లగా అంది.

"నువ్వెళ్ళి చదువుకో. దీన్ని నేను చూసుకుంటాలే."

తలుపు దగ్గరగా వేసి, వచ్చి చదువుకున్నాను. పరీక్ష గట్టెక్కాను. పింఛను వచ్చేదాకా కొత్తదానిమీదే పనిచేశాను.

ఇప్పుడు శుక్రవారం కోడలు వంటింట్లో నూనె కాచగానే ఆ వాసనకే నా కడుపు నిండిపోతుంది.

"ఒక్క ముక్కయినా తినండి అత్తయ్యా," అంటుంది.

తింటాను. రుచి ఉండదు.