గడ్డకట్టిన చుక్క

చీఫ్ బల్ల మీద ఒక సిరంజి ఫొటో పడేశాడు.

“హైడ్రోజెల్. అరిగిపోయిన మోకాలి గుజ్జును మళ్లీ పెరిగేలా చేసే మందు. చల్లగా ఉన్నంతసేపు నీళ్లలా ఉంటుంది, ఒంటి వేడి తగిలిందంటే జెల్లీలా గడ్డకడుతుంది. ఉన్నది ఒకటే డోసు. పదకొండింటికి ఆపరేషన్. పేషెంటు మీ అక్క.”

“అందుకేనా నన్ను పిలిచారు?”

“ఇంకెవరైనా అయితే జీతం కోసం చేస్తారు.”

ఆ ఏజెంటును ఆఫీసులో అందరూ పిల్లి అంటారు. అక్క ఇరవై ఏళ్లు కుట్టుమిషన్ తొక్కి అతన్ని చదివించింది. ఇప్పుడామె కుడి మోకాల్లో ఎముకా ఎముకా రాసుకుంటున్నాయి. ఈ డోసు పోతే ఇంకోటి తయారవడానికి రెండేళ్లు. అప్పటికి మోకాలు మిగలదు.

దాన్ని కొట్టేయడానికి దిగిన విదేశీ ముఠా నాయకుడి కోడ్‌నేమ్ దొర. ఖరీదైన సూటు, ఖాళీ బుర్ర. దొంగిలించబోయే సరుకు గురించి ఒక్క పేజీ చదివిన పాపాన పోలేదు వెధవ! వాడి మనిషి నెమలి, మత్తు డాక్టరు వేషంలో ఆసుపత్రిలోనే తిరుగుతోంది. డబుల్ ఏజెంట్. మనకీ పనిచేస్తుంది, వాళ్లకీ పనిచేస్తుంది. ఆవిడ విశ్వాసమంతా అద్దంలో కనిపించే మనిషి మీదే.

పది నలభై. వార్డుబాయ్ వేషంలో ఉన్న పిల్లి ఐస్‌బాక్స్ తెరిచి, సిరంజిలోంచి ఒక్క చుక్క అరచేతిలో వేసుకున్నాడు. అర నిమిషం చూశాడు. గడ్డకట్టలేదు సరికదా, మోచేతిదాకా కారింది.

“ఉప్పునీళ్లు! మార్చేసింది మహాతల్లి!”

చెవిలోని ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు గురగురలాడింది. “నెమలి బేస్‌మెంట్‌లో ఉంది. పరిగెత్తు.”

పార్కింగులో కారు పక్కన దొర, నెమలి, తుపాకులతో ఇద్దరు మొద్దులు. దొర చేతిలో నెమలి తెచ్చిన స్టీలు ఫ్లాస్కు, అందులో ఐసు మధ్య అసలు సిరంజి. పిల్లి ఉప్పునీళ్ల సిరంజి పట్టుకుని, నడుం వంచి, చేతనైనంత వెకిలిగా నవ్వాడు.

“అయ్యా, ఈవిడ మిమ్మల్ని ముంచేసింది. మీకిచ్చింది పాడైపోయిన మందు. మంచిది నేను దాచాను. అనుమానమైతే చేతిలో వేసుకుని చూడండి.”

దొరకు అనుమానమంటే అన్నం కన్నా ఎక్కువ. నెమలి సిరంజిలోంచి ఒక చుక్క ఎడమ అరచేతిలో, పిల్లి సిరంజిలోంచి ఒకటి కుడి అరచేతిలో వేయించుకున్నాడు. కుడిచేతిది వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. ఎడమచేతిది గడ్డకట్టి కూర్చుంది.

“చూశారా? కుళ్లిన సరుకు.”

“గడ్డకట్టాలి! అదే అసలుది!” నెమలి అరిచింది.

“నువ్వెంతమందికి పనిచేస్తావో నాకు తెలీదనుకున్నావా? నోర్ముయ్!”

పాపం, జన్మలో మొదటిసారి నిజం చెప్పింది. నమ్మే నాథుడు లేడు.

దొర ఉప్పునీళ్ల సిరంజిని జేబులో పెట్టుకుని, అసలుదాన్ని మళ్లీ ఫ్లాస్కులో పడేసి గోడకేసి విసిరి, ఎక్కడ పడిందో చూడకుండానే కారువైపు తిరిగాడు. పిల్లి దూకాడు. ప్యాంటు మోకాళ్ల దగ్గర పర్రున చిరిగింది. ఫ్లాస్కు మాత్రం నేల తాకలేదు.

దొర కారు గేటుదాకా వెళ్లింది. అక్కడ చీఫ్ మనుషులు నెమలితో సహా అందరినీ దింపి పట్టుకున్నారు. చెక్కు చెదరని ధీమాతో దొర ఉప్పునీళ్లను గుండెకు హత్తుకునే ఉన్నాడు.

పది యాభై తొమ్మిదికి పిల్లి ఫ్లాస్కును సర్జన్ చేతిలో పెట్టాడు.

“చల్లగానే ఉందా?” అన్నాడు.

“ఉంది. ఇక మీరు బయటికెళ్లండి.”

ఆర్నెల్లకు అక్క మళ్లీ మిషన్ ఎక్కింది. కుడికాలితో తొక్కుతూ మొదట కుట్టింది తమ్ముడి చిరిగిన ప్యాంటే.

“దేశాన్ని కాపాడతావట. ఒక్క ప్యాంటు కాపాడుకోలేకపోయావేంట్రా!”