ఆపరేషన్ దస్తీ

"నాలుగు రాష్ట్రాల కరెంటు ఒక్క మనిషి చేతిలో ఉంది," అన్నాడు చీఫ్. "ఆయన ఎల్లారెడ్డిలో ఫోన్లు బాగుచేస్తాడు."

ఏజెంట్ సిద్దార్థ నవ్వబోయి ఆగాడు. చీఫ్ మొహంలో నవ్వు లేదు.

'దస్తీ' ఒక చిన్న ప్రోగ్రామ్. పెద్ద ఫైళ్లను చేతిరుమాలులా మడతపెట్టి చిన్నవి చేస్తుంది. ఓపెన్ సోర్స్ కాబట్టి దాని కోడ్ ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు. పవర్ గ్రిడ్ నుంచి హాస్పిటల్ మెషీన్ల దాకా అంతా వాడుతున్నారు. చదివినవాళ్లే లేరు. అది రాసిన ఆ ఫోన్ల మెకానిక్ కలీమ్‌కు జీతం లేదు, పైన ఆఫీసర్ లేడు. ఇప్పుడు కొత్త వెర్షన్‌లో ఒక విదేశీ ముఠా దొంగదారి పెట్టింది. సాయంత్రం ఐదింటికి విడుదల. ఆ క్షణం నుంచి ఆ మెషీన్లన్నీ ముఠా మాటే వింటాయి.

వాడేవాళ్లను హెచ్చరిద్దామంటే, ఎవరెవరు వాడుతున్నారో ఎవరికీ తెలియదు. సర్వర్ ఆపుదామంటే అది మన దేశంలో లేదు. సిద్దార్థ దగ్గర సైలెన్సర్ పిస్టల్, సిగ్నల్ జామర్ ఉన్నాయి. వాటితో ఏం చెయ్యాలో తోచలేదు.

ఎల్లారెడ్డిలో షాపు మూసి ఉంది. మీటర్ రీడర్ వేషంలో వాకబు చేస్తే పక్కషాపు టైలర్ తలెత్తకుండానే చెప్పాడు. "కలీమన్ననా? వాళ్ల అమ్మకు డయాలసిస్ ఉన్నది. కామారెడ్డి వోయిండు."

కామారెడ్డిలో ఒక ప్రైవేట్ హాస్పిటల్. తల్లి షంషున్నీసా మంచం పక్కన కలీమ్ దొరికాడు. సిద్దార్థ ఐడీ కార్డు చూపించి, విడుదల ఆపమన్నాడు.

"నాతోని కాదు సార్. నేను తప్పుకున్న."

సంగతి మెల్లగా చెప్పుకొచ్చాడు. పని లేటవుతోందని రెండేళ్లుగా ఎవరెవరో రోజూ మెయిళ్లలో తిట్టేవారట. ఆశ్రిత అనే ఆమె ఒక్కతే మర్యాదగా రాసేదట. తప్పులు దిద్దింది, అమ్మకు ఎట్లా ఉందని అడిగింది. చివరికి దస్తీ పగ్గాలు ఆమెకే ఇచ్చేశాడు.

"తిట్టినవాళ్లు కూడా ఆమె ముఠావాళ్లే," అన్నాడు సిద్దార్థ.

కలీమ్ ఫోన్‌లో విడుదల పేజీ తెరిచి చూపించాడు.

"ఏడు రోజుల్ల పగ్గాలున్న మెయింటెయినర్ వద్దనకుంటె దానంతటదే విడుదలయితది. గా రూల్ నేనే పెట్టిన. ఏదడిగినా జవాబిచ్చేటోళ్లు లేకుండిరి సార్, ఏం చెయ్యాలె? ఇప్పుడు వద్దనాలంటె ఆమెనే అనాలె."

షంషున్నీసా రక్తం మెషీన్‌లో తిరుగుతోంది. ఆ మెషీన్‌లోనూ దస్తీ ఉంది. కలీమ్ దానివైపే చూస్తున్నాడు.

"ఇయ్యాల అమ్మను మెషీన్ నుంచి తీస్తం సార్. ఎల్లుండి మళ్ల పెట్టాలె గదా?"

కలీమ్‌కు తెలియనిది ఒకటుంది. ఆశ్రిత డబుల్ ఏజెంట్. ఈ కబురు డిపార్ట్‌మెంట్‌కు పంపిందీ ఆమే. కానీ తానే అడ్డు చెబితే ముఠాకు దొరికిపోతుంది. ఇక వేరే దారి లేక సిద్దార్థ ఆమెకు పిలుపు పంపి ఎదురుచూశాడు. ఇంకేం చెయ్యగలడు?

ఐదు కావస్తుండగా హాస్పిటల్ గేటు దగ్గర ఆశ్రిత కారు దిగింది. నల్ల కళ్లద్దాలు, పట్టుచీర, ఖరీదైన సెంటు.

"జుక్కల్ బస్సు ఇక్కడ ఆగుతదా?" అని సిద్దార్థను అడిగింది.

"చెయ్యెత్తితే ఆగుతది."

రహస్య సంకేతం సరిపోయింది. ఆమె డయాలసిస్ వార్డులో కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. వేళ్లు కదల్లేదు.

"నేను వద్దంటే వాళ్లు నన్ను బతకనివ్వరు. నువ్వు కాపాడతావా?"

"తెలీదు," అన్నాడు సిద్దార్థ. అంతకుమించి చెబితే అబద్ధమవుతుంది.

స్క్రీన్ మీద చివరి నిమిషం కరుగుతోంది. కలీమ్ దగ్గరికి వచ్చాడు. అతని గొంతులో కోపం లేదు.

"ఇన్నేండ్లల్ల నా కోడ్ మొత్తం చదివింది మీరొక్కలే మేడం. ఎట్లున్నది?"

ఆమె కళ్లద్దాలు తీసింది.

"శుభ్రంగా ఉంది. అందుకే అందులో ఏదైనా దాచడం కష్టమైంది."

ఒకే ఒక్క మాట టైప్ చేసింది. వద్దు. ఆఖరి సెకనులో విడుదల ఆగింది.

ఆమె ఎవరివైపూ చూడకుండా వెళ్లిపోయింది. పగ్గాలు మళ్లీ తీసుకుంటావా అని సిద్దార్థ అడిగితే, కలీమ్ తల్లి దుప్పటి సరిచేస్తూ తల అడ్డంగా ఊపాడు.

"శభాష్," అన్నాడు చీఫ్ ఫోన్‌లో. "ఇక ఆ ప్రాజెక్టు ఎవరి చేతిలో ఉన్నట్టు?"

"శత్రువు ఏజెంటు చేతిలో సార్. ఆమె బతికున్నంతకాలం."

"వేరే ఎవరూ లేరా?"

"పోస్టు ఖాళీయే సార్. జీతం ఉండదు, తిట్లు మాత్రం రోజూ వస్తాయి. మీరు అప్లై చేస్తారా?"

చీఫ్‌కు సరిగ్గా అప్పుడే వేరే కాల్ వచ్చింది.